ఇంటి వర్క్‌షాపులో లోహపు పొడులు: ఏది దేనితో కలవకూడదు, కలవకుండా ఎట్లా చూసుకోవాలి

మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో, ఇంటి వెనక రేకుల షెడ్డే నా వర్క్‌షాపు. గేట్లు, కిటికీలు, ట్రాక్టరు కల్టివేటర్ల రిపేర్లు, బోరు మోటార్ల చిన్నాచితకా పనులు అక్కడే నడుస్తాయి. బెంచ్ గ్రైండర్ కింద పాత గమేళా ఒకటి పెట్టి ఉంచేవాణ్ని. రాలిన పొడి నేల మీద పరుచుకోకుండా అందులో పడుతుందని.

ఒక వారమంతా కిటికీల పని తగిలింది. అల్యూమినియం సెక్షన్లు కోసి, అంచులు ఆ గ్రైండర్ మీదే రాశాను. ఆదివారం పొద్దున పక్కింటి పెదనాయిన జంగు పట్టిన గడ్డపార పట్టుకొచ్చి, "బిడ్డా, జర మొన పెట్టియ్యి" అన్నాడు. గడ్డపార రాయికి ఆనించి ఐదు నిమిషాలు కూడా కాలేదు, కింద గమేళాలో తెల్లటి వెలుగు లేచింది. వెల్డింగ్ ఆర్క్‌ని అద్దం లేకుండా చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా. నాలుక చాచిన మంట లేదు, పొగ కూడా అంతగా లేదు. కళ్లు మూసుకున్నా లోపల పచ్చటి మచ్చలు ఆడాయి. మా మేనల్లుడు నీళ్ల బకెట్ అందుకుని "మామా, పక్కకు జరుగు" అన్నాడు. "పొయ్యకురా, పొయ్యకు!" అని అరిచి వాడి చెయ్యి పట్టి లాగాను. గోడ పూతకు తెచ్చి మిగిలిన ఇసుక ఎండలో బాగా ఎండి ఉంది. పారతో మెల్లగా దాన్నే కప్పాం. సాయంత్రం చూస్తే గమేళా అడుగున నాలుగు వేళ్ల వెడల్పు పొక్క. దాని కింద బండ మీద చింతగింజలంత ఇనుప ముద్దలు, కరిగి గడ్డకట్టినవి.

ఆ రోజు ఆ బకెట్ బోర్లిస్తే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణో లేదో. ఐటీఐలో మా సారు చెప్పిన "అల్యూమినియం మంట మీద నీళ్లు పొయ్యొద్దు" అన్న ఒక్క మాట గుర్తుండబట్టి బయటపడ్డాం. ఇవాళ నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు పల్లెల్లో ప్రతి సందుకూ ఒక చిన్న వెల్డింగ్ షెడ్డు ఉంది, సగం ఇళ్లల్లో హ్యాండ్ గ్రైండర్ ఉంది. ఆ మాట చెప్పే సారు మాత్రం అందరికీ దొరకడు. అందుకే నాకు తెలిసినంతా ఇక్కడ వరసగా పెడుతున్నాను.

ముద్ద కాలదు, పొడి కాలుతుంది

సిల్వర్ గిన్నెను పొయ్యి మీద ముప్పై ఏళ్లు పెట్టినా అంటుకోదు. అదే లోహం పొడి అయితే ఎందుకు కాలుతుంది? లెక్క వేసి చూడండి. ఒక సెంటీమీటరు ఘనం తీసుకుంటే దానికి గాలి తగిలే పైభాగం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే మిల్లీమీటరులో పదోవంతు ముక్కలుగా చేస్తే పది లక్షల ముక్కలవుతాయి, పైభాగం 600 చదరపు సెంటీమీటర్లకు పెరుగుతుంది. లోహం అంతే, గాలి తగిలే చోటు నూరు రెట్లు. పైగా ముద్దలో ఒక మూల వేడి తగిలితే అది లోహమంతా పాకి చల్లారిపోతుంది. చిన్న రవ్వలో ఆ వేడికి పోయే దారి లేదు, అక్కడికక్కడే కాలాల్సిందే. గ్రైండర్ దగ్గర మనం రోజూ చూసే నిప్పురవ్వలు అవే, గాలిలో కాలుతున్న ఉక్కు తునకలు.

దీపావళికి పిల్లల చేతికిచ్చే కాకరపువ్వొత్తిలో ఉండేదీ ఇనుప రజను, అల్యూమినియం పొడే. మీ షెడ్డులో రాయి కింద పోగయ్యేది ఆ సరుకే అని ఒక్కసారి మనసులో పెట్టుకుంటే, మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

అర మిల్లీమీటరు కంటే సన్నగా ఉన్న లోహపు పొడిని మండే పొడిగానే చూడాలి. లేత్ మీద వచ్చే చుట్టలు, డ్రిల్లు పొట్టు అంత ప్రమాదం కాదు. ఫ్లాప్ డిస్క్, బఫ్, గరుకు కాగితం నుంచి వచ్చే పొడే భయపడాల్సింది. రెండు వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకుండా, ముగ్గుపిండిలా వేళ్లకు అంటుకుంటే అది చాలా సన్నది. అంత సన్నటి అల్యూమినియం పొడి గాలిలో మేఘంలా లేస్తే ఒక్క రవ్వ చాలు, గది మొత్తం ఒకేసారి అంటుకుంటుంది. మూసిన గది అయితే అది పేలుడే.

2014 ఆగస్టు 2న చైనాలోని కున్‌షాన్‌లో కారు చక్రాలు పాలిష్ చేసే కర్మాగారంలో జరిగింది ఇదే. 146 మంది చనిపోయారు. పొడిని లాగి పోగుచేసే డబ్బా జంగు పట్టి దెబ్బతిన్నదని, అందులోకి తడి చేరి అల్యూమినియం పొడి లోలోపలే వేడెక్కి అంటుకుందని విచారణలో తేలింది. జంగు, తడి, అల్యూమినియం పొడి. మన షెడ్డుల్లో ఈ మూడూ లేని చోటు చూపించండి.

రెండు పొడులు కలిస్తే వచ్చే ప్రమాదం వేరు

ఒక్క లోహపు పొడి కాలాలంటే గాలి కావాలి. అల్యూమినియం పొడి, ఇనుప జంగు కలిసినప్పుడు గాలితో పనే లేదు. జంగు అంటే ఆక్సిజన్‌ను పట్టుకున్న ఇనుము. అల్యూమినియానికి ఆక్సిజన్ మీద అంతకంటే ఎక్కువ లాగుడు. గట్టి వేడి తగిలిందంటే జంగులోని ఆక్సిజన్‌ను అల్యూమినియం గుంజుకుంటుంది. అప్పుడు పుట్టే వేడి 2000 డిగ్రీలు దాటుతుంది, ఇనుము కరగడానికి 1538 డిగ్రీలే చాలు. నా గమేళాకు పొక్క పడింది అందుకే.

బీబీనగర్–నడికుడి లైను మీద నల్లగొండ, మిర్యాలగూడ పక్కన పట్టాలు అతికే పని చూసిన వాళ్లకు ఇది కొత్త కాదు. పట్టా మీద అచ్చు బిగించి, దాని పైన మట్టికుండ లాంటి మూసలో పొడి పోసి అంటిస్తారు. తెల్లటి వెలుగు వచ్చి, కరిగిన ఉక్కు కిందికి జారి రెండు పట్టాలను ఒకటి చేస్తుంది. జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. శిక్షణ పొందిన మనుషులు లెక్క ప్రకారం చేస్తేనే అది పని. మన గమేళాలో లెక్క లేకుండా జరిగితే అగ్నిప్రమాదం.

ఇంట్లో ఎవరూ కావాలని కలపరు. కలిపేది ఒకే గ్రైండరు, ఒకే చీపురు, ఒకే తట్ట. కాబట్టి మన జాగ్రత్తంతా ఆ మూడింటి మీదే.

మొదటి పని: షెడ్డులో ఏ లోహం ఎక్కడ రాలుతుందో చూడటం

ఒక పూట పని ఆపండి. మిషన్లన్నీ ప్లగ్గు తీసి, టార్చిలైటు వేసి చూడండి. గ్రైండర్ గార్డు లోపల, కటాఫ్ మెషీన్ వెనక గోడ మీద, బల్ల కింది అడ్డపట్టీల మీద, రేకుల కింది పైపుల మీద, ఫ్యాను రెక్కల మీద, స్విచ్ బోర్డు లోపల పొడి ఎంత ఉందో చూడాలి. నేల మీది పొడి మన కంటికి కనపడుతుంది, ఊడుస్తాం. పైన పట్టీల మీద కూర్చున్నది ఏళ్ల తరబడి కదలదు. ఎక్కడో చిన్న మంట లేస్తే ఆ ఊపుకు పైదంతా ఒక్కసారి రాలి మేఘమవుతుంది. పెద్ద కర్మాగారాల్లో మొదటి పేలుడు కంటే రెండోది ఎక్కువ మందిని చంపేది అందుకే. ఒక మిల్లీమీటరు కూడా పేరుకోనివ్వకూడదు. పొడి కింద పెయింటు రంగు కనపడకపోతే అప్పటికే ఎక్కువైందని లెక్క.

తర్వాత ఇది చూడండి: ఆ షెడ్డులో పని సరుకు కాకుండా ఇంకేం ఉన్నాయి? మా వైపు వానాకాలం పంట చేతికొచ్చాక పత్తిని ధర వచ్చేదాకా ఇంట్లోనే కుప్ప పోస్తారు, ఖాళీ ఉందని షెడ్డులో కూడా పోస్తారు. గడ్డివాము గోడకు ఆనుకునే ఉంటుంది. వెల్డింగ్, గ్రైండింగ్ రవ్వ పది మీటర్ల దాకా ఎగిరి పడుతుంది. పత్తిలో పడ్డ రవ్వ అప్పుడే మండదు, లోపల రాజుకుంటూ పోయి రాత్రి పన్నెండింటికి లేస్తుంది. పత్తి ఉన్నన్ని రోజులు ఆ షెడ్డులో గ్రైండర్ తిప్పొద్దు. ఈ ఒక్కదాంట్లో నేను ఎవరి మాటా వినను. గ్యాస్ సిలిండర్, పెట్రోలు, థిన్నరు డబ్బాలు కూడా అక్కడ ఉండొద్దు.

రెండో పని: ఇనుముకు ఒకటి, అల్యూమినియానికి ఒకటి

డబ్బులు పెట్టాల్సింది ఇక్కడే. అల్యూమినియానికి వేరే గ్రైండర్ కొనగలిగితే అంతకంటే మేలు లేదు. ఇప్పుడు చిన్న యాంగిల్ గ్రైండర్ అందరికీ అందే ధరలోనే దొరుకుతుంది. దానికి ఎర్ర టేపు చుట్టి, ఇనుము ముట్టనివ్వకండి. డిస్కులు, వైరు బ్రష్షులు, ఆకురాళ్లు కూడా వేరు. జంగు గీకిన వైరు బ్రష్షుతో అల్యూమినియం రుద్దితే రెండింటినీ మీరే చేతులారా కలిపినట్టు.

బెంచ్ గ్రైండర్ మామూలు రాయి మీద అల్యూమినియం అసలు పెట్టకూడదు. నేను చేసిన మొదటి తప్పు అదే. మెత్తటి లోహం కాబట్టి రాయి సందుల్లో ఇరుక్కుపోతుంది, రాయి కోయడం మానేసి వేడెక్కుతుంది, ఆ వేడికి పగిలి ముక్కలు ఎగరొచ్చు. నాలుగంగుళాల డిస్కు నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటి పోతుంది. ఆ వేగంతో వచ్చే ముక్క ముందు మనిషి నిలవడు. సెక్షన్ల అంచులకు ఆకురాయి చాలు. ఆకురాయి నుంచి రాలేది ముతక రజను, అది గాల్లోకి లేవదు, రవ్వలూ రావు. గంట ఆలస్యమైతే కానివ్వండి.

రెండో గ్రైండర్ కొనే వీలు లేకపోతే చోటైనా, రోజైనా వేరు చెయ్యండి. మా షెడ్డులో ఇప్పుడు అల్యూమినియం పని వాకిట్లో వేపచెట్టు కింద, ఇనుము పని లోపల. ఒక లోహం నుంచి ఇంకోదానికి మారే ముందు గార్డు విప్పి, లోపల తుడిచి, డిస్కు మార్చి, కింద పడ్డదంతా ఎత్తాకే రెండోది ముట్టాలి. ఇనుము తర్వాత అల్యూమినియం అయినా, అల్యూమినియం తర్వాత ఇనుము అయినా ఇదే పద్ధతి. ఎక్కువ భయపడాల్సింది రెండోదానికి. అల్యూమినియం పొడి మీద ఇనుము రవ్వలు కురిపిస్తున్నాం కదా.

మూడో పని: ఊడ్చే తీరు మార్చుకోవడం

మన ఇళ్లల్లో సాన్పు చల్లి ఊడ్వడం అలవాటు. దుమ్ము లేవకుండా షెడ్డులో కూడా అదే చేస్తాం. ఇనుప పొడికి పర్వాలేదు. అల్యూమినియం పొడికి తడి పనికిరాదు. తడిసిన సన్నటి పొడి నీటితో మెల్లగా కలిసి హైడ్రోజన్ వదులుతుంది, వేడెక్కుతుంది. గాలిలో హైడ్రోజన్ నూటికి 4 పాళ్లు చేరితే చాలు, రవ్వకు అంటుకుంటుంది. తడి పొడిని పెయింటు డబ్బాలో పోసి మూత గట్టిగా బిగిస్తే లోపల ఆ గ్యాసు పోగై మూత ఎగిరే దాకా వస్తుంది.

కంప్రెసర్ గాలితో బల్ల ఊదడం ఇంకా పెద్ద తప్పు. కింద పడుకున్న పొడిని మేఘంగా లేపేది అదే. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరూ వద్దు. దాని మోటారు బ్రష్షుల దగ్గర రవ్వలు వస్తాయి, పొడి నేరుగా వాటి మీదుగా పోతుంది. ప్లాస్టిక్ గొట్టంలో పొడి రాసుకుంటూ పోతే కరెంటు పుట్టి చిటుక్కుమంటుంది. నల్లగొండ ఎండాకాలంలో 44 డిగ్రీల్లో గాలి పొడిగా ఉన్న రోజుల్లో నైలాన్ చొక్కా విప్పితే వినపడే చిటపటలు అవే.

మరి ఎట్లా ఊడ్వాలి? ఫ్యాను ఆపండి. కొబ్బరి పీచు బ్రష్షో, మెత్తటి చీపురో తీసుకుని, దుమ్ము లేవకుండా నెమ్మదిగా దగ్గరికి తోసి, అల్యూమినియం చాటతోనో ఇత్తడి చాటతోనో ఎత్తండి. ఇనుప చాట బండకు గీసుకుంటే రవ్వ రావొచ్చు. చీపుర్లు రెండు ఉండాలి, చాటలు రెండు ఉండాలి. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు రంగు పూసుకుంటే పనికొచ్చే పిల్లలకు కూడా తికమక ఉండదు. ఇది పని అయిపోయాక రోజూ చెయ్యాల్సిన పది నిమిషాల పని. వారానికోసారి అనుకుంటే ఏ వారమూ కుదరదు.

అయస్కాంతం నమ్ముకోవద్దు

కలిసిపోయిన పొడిలోంచి అయస్కాంతంతో ఇనుము ఏరేసి, మిగిలిన అల్యూమినియాన్ని పాతసామాన్ల దుకాణానికి అమ్ముకోవచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ చేశాను. అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి తిప్పితే నల్లటి ఇనుప రజను గడ్డంలా వచ్చి అంటుకుంటుంది, చూడ్డానికి బాగుంటుంది. కింద మిగిలింది శుభ్రమైన అల్యూమినియం అనిపిస్తుంది. ఎర్రజంగును మాత్రం అయస్కాంతం దాదాపు లాగదు. ఆక్సిజన్ లేని మంచి ఇనుమును మనం పక్కకు తీసేసి, అల్యూమినియం, జంగు మాత్రమే గిన్నెలో మిగిల్చుకుంటున్నాం. ప్రమాదం తగ్గకపోగా చిక్కబడుతుంది. కలిసిపోయిన సన్నపొడిని వేరుచేసే ఆలోచనే పెట్టుకోవద్దు. ఆ పొడికి వచ్చే డబ్బు టీ ఖర్చుకు కూడా చాలదు.

కలిసిన పొడిని ఏం చెయ్యాలంటే, ఎండిన ఇసుకలో వేసి బాగా పలుచన చెయ్యండి. గరిటెడు పొడికి తట్టెడు ఇసుక. చేత్తో నలపకుండా, దంచకుండా, మెల్లగా కలిపి, మూత వదులుగా ఉన్న ఇనుప డబ్బాలో వేసి, ఇంటికి దూరంగా నీడలో, వాన తగలని చోట ఉంచి, కొద్దికొద్దిగా ఉన్నప్పుడే వదిలించుకోండి. చెత్తకుండీలో వెయ్యొద్దు. మన ఊళ్లల్లో చెత్తకు నిప్పు పెడతారు. కట్టెల పొయ్యిలోకీ, నీళ్ల కాగు కిందికీ విసరొద్దు.

కలవని పొడులను వేరువేరు డబ్బాల్లో పెట్టి, పైన తెలుగులోనే పెద్దక్షరాలతో పేరు రాయండి. అల్యూమినియం డబ్బా నిండేదాకా ఆగొద్దు, పిడికెడైనా సరే నెలకోసారి బయటికి పంపండి.

సిల్వర్ పెయింటు వేసిన జంగు గేటు

ఇది చాలామందికి తట్టని విషయం. మనం సిల్వర్ పెయింటు అనేదాంట్లో మెరిసేది అల్యూమినియం పొడే. పాత గేటుకు జంగు గీకకుండానే దాని మీద సిల్వర్ పెయింటు పూసేస్తారు. లోపల జంగు, పైన అల్యూమినియం. పదేళ్ల తర్వాత ఆ గేటు రిపేరుకు వస్తుంది, వంకర తీయడానికి సుత్తితో గట్టిగా కొడతాం. ఆ దెబ్బ పడ్డ చోట రెండూ ఒకదానిలో ఒకటి నలిగి, మామూలు రవ్వ కంటే వేడైన తెల్లటి రవ్వ ఎగరొచ్చు. పక్కన థిన్నరు మూత తీసి ఉంటే అంతే సంగతి. జంగు పట్టిన ఇనుము మీద అల్యూమినియం ముక్క రాసుకుపోయి గీత పడ్డ చోటా ఇదే జరుగుతుంది.

అట్లాంటి గేటు వస్తే ముందు పెయింటు, జంగు చేతి గీకుడుతో తీసెయ్యాలి, రాలినదంతా ఎత్తాలి, ఆ తర్వాతే సుత్తి, వెల్డింగ్. కొత్తగా రంగు వేసేటప్పుడు జంగు పూర్తిగా గీకి, రెడాక్సైడ్ వేసే తీరు మన దగ్గర ఉంది కదా, పైన సిల్వర్ వెయ్యాలనుకుంటే మధ్యలో ఇంకో మంచి కోటు పడనివ్వండి. రెడాక్సైడ్‌కు ఆ ఎరుపు వచ్చేదీ ఇనుము ఆక్సైడ్ వల్లే, అంటే జంగులో ఉండే సరుకే.

మెగ్నీషియం గుర్తుపట్టడం

మందు కొట్టే మిషన్లు, గడ్డికోత మిషన్లు, చెట్లు కోసే రంపాల ఇంజన్ గుల్లల్లో, కొన్ని పాత ఇంజన్ భాగాల్లో మెగ్నీషియం మిశ్రమం ఉంటుంది. చూడ్డానికి అల్యూమినియంలాగే ఉంటుంది, చేతిలో పట్టుకుంటే మాత్రం అనుకున్నదానికంటే తేలిక. అనుమానం వస్తే ఒక మూల ఆకురాయితో గీసి, మెరిసే చోట వెనిగర్ చుక్క వెయ్యండి. బుడగలు లేస్తే మెగ్నీషియం. అల్యూమినియం అయితే అట్లా లేవవు. మెగ్నీషియం అని తేలితే దాన్ని గ్రైండర్ కాడికి తేవొద్దు. ఒకసారి దాని పొడి అంటుకుంటే నీళ్లకు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు కూడా ఆరదు. ఆ వాయువులోని ఆక్సిజన్‌ను కూడా గుంజుకుని కాలుతుంది.

అంటుకుంటే

చదివి పక్కన పెట్టడానికి కాదు, ఇంట్లో వాళ్లందరికీ చెప్పి ఉంచండి. ఆ నిమిషంలో మీరు షెడ్డులో ఉండకపోవచ్చు.

లోహపు పొడి మొదట్లో మంటలా కాలదు. బూడిద రంగు కుప్ప మీద ఎర్రటి పురుగులు పాకినట్టు నిప్పు మెల్లగా నడుస్తుంది. అప్పుడు దాన్ని కట్టెతో కెలకడం, ఊదడం, తొక్కడం చేస్తే పొడి లేచి ఒక్కసారి భగ్గుమంటుంది. నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి పేలుతుంది, కరిగిన లోహం మీద పడ్డ నీరు ఆవిరై లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. దుకాణాల్లో దొరికే ఏబీసీ పొడి సిలిండర్ కట్టెకు, పెట్రోలుకు, గ్యాసుకు పనికొస్తుంది, లోహానికి కాదు. పైగా దాని గాలి దెబ్బకు పొడి చెల్లాచెదురవుతుంది. లోహపు మంటలను డీ తరగతి అంటారు, వాటికి వేరే సిలిండర్ ఉంటుంది. అది పల్లె షెడ్డుల్లో ఉండదు కాబట్టి మనకు ఉన్న దారి బాగా ఎండిన ఇసుక. ఇసుక అందకపోతే ఎండిన ఉప్పు కూడా పనిచేస్తుంది. డీ తరగతి సిలిండర్లలో చాలావాటిలో ఉండే ముఖ్యమైన సరుకు అదే, సోడియం క్లోరైడ్.

ఇసుకను ఎత్తు నుంచి విసరొద్దు. పొడవాటి కర్ర పార తీసుకుని, ముందు మంట చుట్టూ కట్ట వేసినట్టు పోసి, తర్వాత అంచుల నుంచి మధ్యకు మెల్లగా కప్పుకుంటూ రండి. జానెడు మందం వేసి దూరం జరగండి. వెలుగు ఆగిందని తవ్వి చూడొద్దు. లోపల గంటల తరబడి నిప్పు ఉంటుంది, తెల్లారేదాకా ముట్టకండి. వెలుగు వైపు నేరుగా చూడొద్దు. మంట గమేళా దాటి బల్లకో, పైకప్పుకో పాకితే మీ పని మనుషులను బయటికి పంపడమే. దూరంగా ఉన్న మెయిన్ ఆపేసి, 101కి ఫోన్ చేసి, "లోహపు పొడి అంటుకుంది" అని ఆ మాటే చెప్పండి. వచ్చేవాళ్లు నీళ్ల గొట్టంతో దిగకుండా ఉండటానికి అది అవసరం.

మనిషికి కాలితే, ఒంటి మీద అంటిన పొడిని ముందు పొడిగుడ్డతో దులిపి, ఆ తర్వాత కనీసం 20 నిమిషాలు పారే నీళ్ల కింద ఉంచాలి. పసుపు, టూత్‌పేస్టు, సిరా పూయొద్దు. కండలోకి దిగిన లోహాన్ని పీకొద్దు. 108కి చెప్పండి.

కళ్లు, ఊపిరి

కంట్లో రవ్వ పడితే చేతిరుమాలు కొస మెలిపెట్టి తీసే పెద్దమనిషి ప్రతి షెడ్డులో ఒకరు ఉంటారు. ఆయనకు దండం పెట్టి కంటి డాక్టరు దగ్గరికి పోండి. ఇనుప రవ్వ ఒకటి రెండు రోజులు ఉంటే కంటిపాప మీది పొర మీద జంగు వలయం కట్టుకుంటుంది. అద్దాలు పక్కలు మూసినవి కావాలి. చొక్కా నూలుది, చేతులు పొడుగ్గా ఉండాలి. లుంగీ, చెప్పులతో గ్రైండర్ పట్టొద్దు.

మెడకు కట్టిన తువ్వాల సన్నపొడిని ఆపదు, ఎన్95 మాస్కు ఆపుతుంది. బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో దుమ్ము కడుక్కుపోతుందని మా పాత మేస్త్రీలు నమ్మేవారు. బెల్లం కడుపులోకి పోతుంది, పొడి ఊపిరితిత్తుల్లో ఉంటుంది. జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) వెల్డింగ్ చేసిన సాయంత్రం చలిజ్వరం, నోట్లో లోహపు రుచి వస్తే అది జింకు పొగ పని. పై పూత గీకి, బయట గాలి తగిలే చోట చెయ్యండి. ఇత్తడి బుష్‌లు తిప్పిన రోజు చేతులు సబ్బుతో కడగకుండా అన్నం ముట్టొద్దు, చాలా ఇత్తళ్లలో సీసం ఉంటుంది. ఆ బట్టలతో పసిపిల్లలను ఎత్తుకోవద్దు.

ఫోన్లో చూసి కలిపే పిల్లల గురించి

మా మేనల్లుడి ఈడు పిల్లలు ఇప్పుడు వీడియోల్లో చూసి, పొడులు కొని తెచ్చి, ఇంటి మేడ మీద కలిపి అంటిస్తున్నారు. దీపావళి ముందు ఇంకా ఎక్కువ. పాళ్లు, పద్ధతి ఇక్కడ చెప్పను, ఎవరు అడిగినా చెప్పను. కలిపేటప్పుడు రాపిడికే అంటుకునే మిశ్రమాలు ఉన్నాయి, అందులో చేతులు పోగొట్టుకోవడానికి ఒక్క క్షణం చాలు. లైసెన్సు లేకుండా బాణాసంచా తయారుచేయడం 1884 పేలుడు పదార్థాల చట్టం కింద నేరం కూడా. షెడ్డు నడిపేవాళ్లు పొడి డబ్బాలకు తాళం వెయ్యండి. "మామా, కొంచెం అల్యూమినియం పొడి ఇయ్యవా, స్కూల్ ప్రాజెక్టుకు" అని ఎవరైనా అడిగితే వాళ్ల నాయినతో మాట్లాడాకే మాట్లాడండి.

ఇసుక పెట్టె

చివరగా, ఇవాళే చెయ్యగలిగిన పని. మూత ఉన్న రేకు డబ్బాలో ముప్పై నలభై కిలోల ఇసుక, పక్కన పొడుగు కర్ర పార, గ్రైండర్‌కు మరీ దగ్గర కాకుండా తలుపు పక్కన పెట్టండి. మంట దాటుకుని పోయి ఇసుక తెచ్చుకునేట్టు ఉండొద్దు. వాగు నుంచి తెచ్చిన ఇసుక పైన ఎండినట్టే ఉంటుంది, పిడికిట పట్టి నొక్కితే ముద్ద కడుతుంది. ఆ తడి ఇసుక వేడి లోహం మీద పడితే నీళ్లు పోసినట్టే. జల్లెడ పట్టి, రేకు మీద పలుచగా పరిచి, మూడు నాలుగు ఎండలు ఎండబెట్టి, పిడికిట్లోంచి నీళ్లలా జారిపోయేదాకా చూసి నింపండి. వానాకాలంలో ఎంత మూత పెట్టినా తేమ లాగుతుంది. మా ఇంట్లో దసరాకు ఆయుధపూజ కోసం మిషన్లు తుడిచే రోజునే పెట్టె బోర్లించి, ఇసుకను మళ్లీ ఎండకు పోస్తాం.